కంపారేటరు వలయములలో వేగము, పొదుపు, ఒదుగుబాటు

ఎలక్ట్రానికు పరికరములను గూర్చిన ప్రసంగము వచ్చినప్పుడు తల్లిదండ్రులలో పెక్కుమంది మొదట అడుగు ప్రశ్న “వీనిలో ఏది మంచిది?” అనునదియే. అంగడివాడును ఆ ప్రశ్నకే అలవాటుపడి, వెల యెక్కువైన దానిని చేతబెట్టి “దీనికంటె మంచిది లేదు” అనును. విజ్ఞాన ప్రదర్శనము దగ్గరపడిన దినములలో పిల్లల వెంట భాగములు కొనబోయినవారికి ఇది అనుభవములోనిదే. ఇంటికి వచ్చిన పిదప ఆ మేలైన భాగమే క్రొత్త బ్యాటరీని మూడు దినములలో త్రాగివేసినచో, పిల్లవానికి పని చేతకాలేదని తలంతుము. నిజమునకు లోపము మనము అడిగిన ప్రశ్నలోనే యున్నది. పని యేదియో చెప్పక, సాధనము యొక్క మంచిచెడ్డలను నిర్ణయించుట సాధ్యము కాదు.

ఈ సంగతిని కంపారేటరు అను చిన్న వలయమును నిదర్శనముగా గైకొని వివరింప దలచితిమి. పై తరగతుల పిల్లలు దీనిని తమ ప్రయోగములలో తఱచుగా వాడుచున్నారు. తల్లిదండ్రులు గణితమునకు వెఱవనక్కఱలేదు. గుణకార భాగహారములు తెలిసినవారెల్లరు ఈ వ్యాసమును తుదివఱకు చదువగలరు.

కంపారేటరు అనగానేమి?

కంపారేటరు విద్యుత్తునకు త్రాసు వంటిది. త్రాసునకు రెండు తట్టలున్నట్లు దీనికి రెండు ప్రవేశ ద్వారములు గలవు. ఒకదానికి ధన ద్వారమనియు, రెండవదానికి ఋణ ద్వారమనియు పేరు. రెండింటికిని రెండు వోల్టేజీలను, అనగా విద్యుత్తు ఒత్తిడులను, అందించెదము. ధన ద్వారమునందలి వోల్టేజి ఎక్కువైనచో ఫలిత ద్వారము పైకి లేచును. తక్కువైనచో క్రిందికి దిగును. ఎంత ఎక్కువ, ఎంత తక్కువ అనునది ఇది చెప్పదు. ఎవరిది ఎక్కువ అను ఒక్క తీర్పు మాత్రమే చెప్పును.

ఇంత చిన్న తీర్పుతో నేమి ప్రయోజనమని అనుకొనరాదు. మేడమీది నీటితొట్టి నిండగానే గంట మ్రోగుట, మోటారులో ప్రవాహము మితిమీరగానే దానిని ఆపివేయుట, మైక్రోఫోనులో పుట్టిన సంకేతమును అంకెలుగా మార్చుట, వీనియన్నిటి మూలమున ఈ తీర్పే యున్నది.

ఇక త్రాసుల సంగతి చూడుడు. కంసాలి త్రాసు గురిగింజ యెత్తు తేడాను సైతము పట్టును. కాని దానిమీద కట్టెల మోపును ఉంచలేము. కట్టెల అడితిలోని కాటా బండెడు బరువును తూచును. దానిమీద ఉంగరమును పెట్టినచో ముల్లు కదలనైనను కదలదు. రెండును మంచి త్రాసులే. కంపారేటరులందును ఇట్టి భేదములే గలవు. అందు ముఖ్యమైనవి మూడు: తీర్పు ఎంత త్వరగా చెప్పును, అందులకెంత విద్యుత్తును వాడును, ఎన్ని రకముల పరిస్థితులకు ఒదుగును. వీనినే మేము వేగము, పొదుపు, ఒదుగుబాటు అని పేర్కొనుచున్నాము. ఈ మూడింటిని ఒక్క చోట పూర్తిగా పొందుట దుర్లభము.

వేగమునకు చెల్లించు మూల్యము

ముందుగా కొలతలను జ్ఞప్తికి తెచ్చుకొందము. ఆంపియరులో వేయవ భాగము మిల్లీ ఆంపియరు. అందులో వేయవ భాగము మైక్రో ఆంపియరు. అందులో వేయవ భాగము నానో ఆంపియరు. సెకనుకును ఇట్లే మిల్లీ, మైక్రో, నానో అను భాగములు గలవు.

వేగమునకు విద్యుత్తు ఏల కావలెను? కంపారేటరు లోపల ట్రాన్సిస్టరులుండును. ప్రతి ట్రాన్సిస్టరు వద్దను, ప్రతి తీగ వద్దను కంటికి కానరాని చిన్న కెపాసిటరులు ఏర్పడి యుండును. వీనిని ఖాళీ కడవలుగా భావింపవచ్చును. తీర్పు మాఱవలెనన్నచో ఈ కడవలలో కొన్ని నిండవలెను, కొన్ని ఖాళీ కావలెను. కుళాయి ధార సన్నముగా నున్నచో కడవ నిండుటకు జాగగును; ధార లావైనచో త్వరగా నిండును. ఇచట ధారయే విద్యుత్ప్రవాహము.

ఒక లెక్కను చూడుడు. ఒక పికోఫారడు పరిమాణముగల కెపాసిటరును ఒక వోల్టు వఱకు నింపుటకు ఒక మైక్రో ఆంపియరు ప్రవాహమునకు ఒక మైక్రో సెకను పట్టును. ఆ ప్రవాహమును వేయి రెట్లు చేసి ఒక మిల్లీ ఆంపియరు ఇచ్చినచో ఒక నానో సెకనులో నిండును. కాలము వేయి రెట్లు తగ్గినది, ప్రవాహము వేయి రెట్లు పెరిగినది.

ఈ సూత్రము అంగడిలో దొరకు భాగములందును కానవచ్చుచున్నది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారు తయారుచేయు మూడు కంపారేటరులను, వారు ప్రకటించిన సాధారణ విలువలతో పోల్చి చూతము.

టి.ఎల్.వి. 3691: ప్రవాహము 75 నానో ఆంపియరులు, తీర్పునకు పట్టు కాలము 24 మైక్రో సెకనులు.

టి.ఎల్.వి. 3201: ప్రవాహము 40 మైక్రో ఆంపియరులు, తీర్పునకు పట్టు కాలము 40 నానో సెకనులు.

టి.ఎల్.వి. 3501: ప్రవాహము 3.2 మిల్లీ ఆంపియరులు, తీర్పునకు పట్టు కాలము 4.5 నానో సెకనులు.

మొదటిదాని నుండి రెండవదానికి వచ్చునప్పటికి వేగము 600 రెట్లు పెరిగినది. ప్రవాహము సుమారు 530 రెట్లు పెరిగినది. ఇచ్చిన దానికి తగిన ప్రతిఫలమే లభించినది. రెండవదాని నుండి మూడవదానికి పోవునప్పుడో, ప్రవాహము 80 రెట్లు పెరుగగా వేగము తొమ్మిది రెట్లు మాత్రమే పెరిగినది. అనగా వేగము యొక్క తుది మెట్లు ఎక్కుట మిక్కిలి ఖర్చుతో కూడిన పని. ఒకే అంతస్తు ఎత్తు ఎక్కుటకు క్రింది మెట్లకంటె పై మెట్లకు తొమ్మిదింతల ఆయాసము పడవలసి వచ్చినట్లున్నది. తొమ్మిది రెట్ల వేగము నిజముగా కావలసినవారే ఈ మూల్యము చెల్లింపవలెను.

వేగమును గూర్చి మఱొక సంగతి. తట్టలలోని బరువుల తేడా ఎక్కువైనచో త్రాసు ముల్లు వెంటనే వ్రాలును. తేడా స్వల్పమైనచో మెల్లగా వ్రాలును. కంపారేటరు స్వభావమును ఇదియే. ఎల్.ఎం. 339 అను ప్రసిద్ధమైన కంపారేటరునకు, తేడా హద్దును 5 మిల్లీ వోల్టులు మాత్రమే దాటినప్పుడు తీర్పునకు సుమారు 1.3 మైక్రో సెకనులు పట్టును. తేడా బాగుగా ఎక్కువైనచో 0.3 మైక్రో సెకను చాలును. కావున భాగము వేగమును చెప్పునప్పుడు ఎంత తేడాకు అని కూడ అడుగవలయును.

బ్యాటరీ లెక్క

తీర్పు త్వరగా వచ్చిన మేలే గదా, కొంచెము విద్యుత్తు పోయిన నేమి అని కొందఱు అనవచ్చును. దీనికి బ్యాటరీయే సమాధానము చెప్పగలదు. గడియారములందును, చిన్న పరికరములందును వాడు సి.ఆర్. 2032 అను బిళ్ల బ్యాటరీ సామర్థ్యము సుమారు 220 మిల్లీ ఆంపియరు గంటలు. దీనికి కంపారేటరును మాత్రమే తగిలించి, ఎడతెగక నడపితిమనుకొనుడు.

3.2 మిల్లీ ఆంపియరులు వాడునది సుమారు 69 గంటలు, అనగా మూడు దినములకు లోపల, బ్యాటరీని ముగించును. 40 మైక్రో ఆంపియరులు వాడునది 5,500 గంటలు, అనగా ఏడున్నర నెలలు నడచును. 75 నానో ఆంపియరులు వాడుదాని కైతే భాగహారము చేయగా మున్నూరు సంవత్సరములకు పైగా వచ్చును. అంతకాలము బ్యాటరీయే నిలువదు. దానంతట అదియే కొన్ని సంవత్సరములలో చెడిపోవును. అనగా అట్టి చోట కంపారేటరు వాడుకొను విద్యుత్తును లెక్కలోనికి తీసికొనకున్నను చెల్లునన్నమాట.

ఇప్పుడు నీటితొట్టి గంటను తలచుకొందము. నీరు నిండుటకు నిమిషములు పట్టును. 24 మైక్రో సెకనుల ఆలస్యమైనచో ఒక్క చుక్కయైనను అదనముగా పొర్లిపోదు. ఇచట 4.5 నానో సెకనుల కంపారేటరును వాడుట పొరుగింటికి జాబు పంపుటకు విమానమును కుదుర్చుకొన్నట్లుండును.

ఇందులకు విరుద్ధమైన ఉదాహరణ మొకటి చెప్పవలెను. పెద్ద మోటారులను నడుపు పరికరములలో ఐ.జి.బి.టి. అను శక్తి ట్రాన్సిస్టరులుండును. తీగలు ఒకదానికొకటి తగిలి ప్రవాహము మితిమీరినప్పుడు ఇవి సాధారణముగా 10 మైక్రో సెకనుల ప్రాంతము మాత్రమే ఓర్చుకొనగలవు. అంతలోపల కంపారేటరు తీర్పు చెప్పవలెను, ఆ తీర్పును అందుకొని తక్కిన వలయము ప్రవాహమును ఆపవలెను. 24 మైక్రో సెకనుల కంపారేటరు నోరు తెఱచునప్పటికి ట్రాన్సిస్టరు కాలిపోయి యుండును. మోటారు వేల వాట్ల శక్తిని వాడుచుండగా కంపారేటరు వద్ద మైక్రో ఆంపియరులను పొదుపుచేయుట లోభమే యగును. తొట్టివద్ద గుణమైన నెమ్మది మోటారువద్ద దోషమైనది.

కనబడని ఖర్చులు

పిల్లలు మంచి పొదుపరియైన కంపారేటరును తెచ్చియు బ్యాటరీని నిలుపుకొనలేక పోవుట కలదు. ఇందులకు కారణము చుట్టునున్న రెసిస్టరులు. కంపారేటరు ఒక తట్టలో మాఱు సంకేతమున్నచో, రెండవ తట్టలో స్థిరమైన తూనికరాయి యుండవలెను. ఆ రాయిని సాధారణముగా రెండు రెసిస్టరులతో చేయుదురు. 3 వోల్టుల బ్యాటరీకి 10 వేల ఓముల రెసిస్టరులు రెండింటిని వరుసగా కలిపినచో నడుమ 1.5 వోల్టులు లభించును. కాని ఆ రెండింటి గుండ ఎల్లవేళల 150 మైక్రో ఆంపియరులు ప్రవహించును. కంపారేటరు 75 నానో ఆంపియరులతో తృప్తిపడుచుండగా, తూనికరాయి దానికి రెండు వేల రెట్లు తినుచున్నది! ఇంటి యజమాని ఒంటిపూట భుజించుచు, వాకిటి కాపలావానికి నిత్యము విందు చేసినట్లున్నది.

రెసిస్టరులను పెద్దవిగా, ఒక్కొక్కటి 100 లక్షల ఓములుగా, వాడినచో ఆ ప్రవాహము 150 నానో ఆంపియరులకు తగ్గును. ఇంతటితో సమస్య తీరినదా యనిన, మఱొకటి తలయెత్తును. ఎల్.ఎం. 393 వంటి కంపారేటరుల ద్వారముల వద్ద సుమారు 25 నానో ఆంపియరుల స్వల్ప ప్రవాహముండును. అంత పెద్ద రెసిస్టరుల జంట గుండ ఆ స్వల్ప ప్రవాహము పోయినచో 0.125 వోల్టు దోషము వచ్చును. తూనికరాయి తఱిగిన బరువును చూపుటయు దోషమే గదా! ద్వార ప్రవాహము దాదాపు లేని టి.ఎల్.వి. 3691 వంటివాటికి ఈ బాధ లేదు. అందుచేత భాగమును ఎన్నుకొనుట, దానిచుట్టు రెసిస్టరులను ఎన్నుకొనుట వేర్వేరు పనులు కావు.

ఒదుగుబాటు

ఇక మూడవ గుణమునకు వత్తము. ఎన్ని వోల్టుల మీద నడచును, ఎట్టి ఫలితము నిచ్చును, తరువాతి వలయముతో ఎట్లు కలియును అనునవి ఒదుగుబాటునకు సంబంధించినవి.

ఇందులకు చరిత్రలో చక్కని నిదర్శనము గలదు. రాబర్ట్ విడ్లర్ అను అమెరికా దేశపు ఇంజినీరు 1960 దశకమున ఫెయిర్‌చైల్డ్ సంస్థలో నుండగా మ్యూ.ఎ. 710 అను కంపారేటరును రూపొందించెను. 40 నానో సెకనులలో తీర్పు చెప్పుట ఆ కాలమున గొప్ప వేగమే. కాని దానికి ధనముగా 12 వోల్టులు, ఋణముగా 6 వోల్టులు అను రెండు సరఫరాలు కావలసి యుండెను. ఆయనయే పిదప నేషనల్ సెమికండక్టర్ సంస్థకు మాఱి ఎల్.ఎం. 111 ను రూపొందించెను. దీని వేగము 200 నానో సెకనులు. అనగా మునుపటి దానికంటె ఐదు రెట్లు నెమ్మది. అయినను ఇది ధన ఋణములు 15 వోల్టుల జంట సరఫరా మొదలు ఒంటి 5 వోల్టుల సరఫరా వఱకు దేనిమీదనైనను నడచును. దీని ఫలిత ద్వారము 50 వోల్టుల వఱకు, 50 మిల్లీ ఆంపియరుల వఱకు ఓర్చుకొని చిన్న దీపములను, రిలేలను తానే నడుపగలదు. ద్వార ప్రవాహమును మునుపటి రకముల కంటె ఎన్నో రెట్లు తగ్గినది. వేగమును తెలిసి తెలిసి కొంత విడిచిపెట్టి ఒదుగుబాటును సంపాదించుట యన నిట్టిది. ఈ వంశమునకు చెందిన ఎల్.ఎం. 311 నేటికిని అంగళ్లలో లభించుచున్నది.

1970 దశకమున వచ్చిన ఎల్.ఎం. 339, దాని తమ్ముడైన ఎల్.ఎం. 393 మఱింత ఒదుగుబాటు గలవి. 2 వోల్టుల నుండి 36 వోల్టుల వఱకు దేనిమీదనైనను నడచును. 339 లో నాలుగు కంపారేటరులు, 393 లో రెండు కంపారేటరులు ఇమిడి యుండును. నాలుగింటికిని కలిపి సుమారు 0.8 మిల్లీ ఆంపియరు మాత్రమే వాడుకొనును. పాఠశాల ప్రయోగశాలకు ఇవి తగినవి.

వీని ఫలిత ద్వారము విచిత్రమైనది. అది క్రిందికి లాగగలదు గాని తనంతట పైకి నెట్టలేదు. బావి గిలకకు త్రాడు ఒకవైపున మాత్రమే లాగు మనిషి యున్నట్లు, రెండవవైపున పైకి లాగుటకు మనమొక రెసిస్టరును కట్టవలెను. ఇది లోపమువలె కానవచ్చినను గొప్ప సౌకర్యము. కంపారేటరు 12 వోల్టుల మీద నడచుచుండగా, ఆ రెసిస్టరును 5 వోల్టులకు కట్టి 5 వోల్టుల వలయమునకు తీర్పును అందింపవచ్చును. నాలుగు కంపారేటరుల ఫలితములను ఒకే తీగకు కట్టి, వానిలో ఏ యొక్కటి అభ్యంతరము చెప్పినను తీగ క్రిందికి దిగునట్లు చేయవచ్చును. రెండువైపులకును తానే లాగు ఇతర రకములకు ఈ రెసిస్టరు అక్కఱలేదు. కాని వాని ఫలితములను ఇట్లు ఒకే తీగకు కట్టిన, ఒకటి పైకి, ఒకటి క్రిందికి లాగి రెండును చెడిపోవును.

వేగము, పొదుపు, ఒదుగుబాటు ఈ మూడింటి పెనుగులాట ఆ ఒక్క రెసిస్టరులోనే సంపూర్ణముగా కానవచ్చును. 5 వోల్టులకు 10 వేల ఓముల రెసిస్టరును కట్టితిమేని, ఫలితము క్రిందనున్నంతసేపు దానిగుండ 0.5 మిల్లీ ఆంపియరు పోవును. ఇది 393 స్వయముగా వాడు 0.4 మిల్లీ ఆంపియరు కంటెను ఎక్కువ! తీగ వద్ద 100 పికోఫారడుల కెపాసిటరు ఏర్పడి యున్నచో ఫలితము పైకి లేచుటకు మైక్రో సెకను పైచిలుకు పట్టును. వేగము కావలెనని 1 వేయి ఓముల రెసిస్టరును కట్టినచో ఆ కాలము పదవ వంతగును. ప్రవాహము పది రెట్లై 5 మిల్లీ ఆంపియరులగును. పొదుపు కావలెనని లక్ష ఓములు కట్టినచో ప్రవాహము 0.05 మిల్లీ ఆంపియరునకు తగ్గును. కాలము పది మైక్రో సెకనులు దాటును. మిక్కిలి చవుకైన రెసిస్టరును మార్చుటచేత వలయము స్వభావమే మాఱిపోవుచున్నది. పిల్లలచేత ఈ మూడు రెసిస్టరులను మార్చి మార్చి చూపించుట ఏ ఉపన్యాసము కంటెను మేలైన పాఠము.

తడబాటునకు మందు

నీటితొట్టి గంట విషయమున మఱొక చిక్కు గలదు. నీటిమట్టము కొలకడ్డీని తాకీ తాకక యున్నప్పుడు అలలవలన వోల్టేజి హద్దునకు అటునిటు ఊగులాడును. కంపారేటరు ప్రతి ఊపునకును తీర్పు మార్చును. గంట గుక్కతిప్పుకొనక కీచుకీచుమనును. కంపారేటరు ఎంత వేగమైనదైన ఈ తడబాటు అంత ఎక్కువగును. వేగమే ఇచట శత్రువు.

దీనికి మందు రెండు హద్దులను పెట్టుట. ఫ్రిజ్జు ఒక చలువవద్ద ఆగి, అంతకంటె కొంత వేడెక్కిన పిదపనే తిరిగి కదలును గదా! అట్లే తీర్పు మాఱుటకు ఒక హద్దు, తిరిగి వెనుకకు మాఱుటకు మఱొక హద్దు ఉండునట్లు చేయవలెను. దీనిని హిస్టరిసిస్ అందురు. ఇందులకు ఫలిత ద్వారమునుండి ధన ద్వారమునకు ఒక రెసిస్టరును కట్టినచో చాలును.

5 వోల్టుల సరఫరాపై 10 వేల ఓముల జంట రెసిస్టరులతో 2.5 వోల్టుల తూనికరాయిని ధన ద్వారము వద్ద నిలిపి, ఫలితమునుండి అచటికే లక్ష ఓముల రెసిస్టరును కట్టుడు. ఫలితము పైనున్నప్పుడు హద్దు 2.62 వోల్టులకు జరుగును, క్రిందనున్నప్పుడు 2.38 వోల్టులకు జరుగును. నడుమ 0.24 వోల్టు ఎడము ఏర్పడినది. ఋణ ద్వారమునకు వచ్చు సంకేతము అంతకు లోపల ఎంత ఊగులాడినను తీర్పు మాఱదు. ఐతే ఆ యెడములోని చిన్న తేడాలను ఇక కంపారేటరు గుర్తింపదు. స్థిరత్వమునకై సూక్ష్మతను కొంత విడిచితిమి.

అలలు మఱింత పెద్దవై కడ్డీని పూర్తిగా తాకి విడుచుచున్నచో, ద్వారమువద్ద ఒక కెపాసిటరును కట్టి సంకేతమునే నెమ్మదింపజేయవలెను. వేగము కొఱకు ధనము వెచ్చించి, తరువాత దానిని తగ్గించుటకు మఱొక భాగము కొనుటకంటె, మొదటనే నెమ్మదియైన కంపారేటరును కొనుట వివేకము.

ఒక్కటియా, రెండువందల యేబదియైదా?

కంపారేటరులను గుంపుగా వాడునప్పుడు ఈ సమస్య మఱింత స్పష్టమగును. వోల్టేజిని అంకెగా మార్చు పనిని చూతము. 0 నుండి 255 వఱకు 256 మెట్లుగా విభజించి, సంకేతము ఏ మెట్టుపై నున్నదో తెలిసికొనవలెను. మొదటి పద్ధతి: ప్రతి మెట్టు సరిహద్దున ఒక్కొక్క కంపారేటరును నిలుపుట. ఇట్లు 255 కంపారేటరులు ఒక్కసారిగా తీర్పు చెప్పును. జవాబు క్షణములో వచ్చును. కాని ఒక్కొక్కటి 3.2 మిల్లీ ఆంపియరులు వాడినచో మొత్తము 816 మిల్లీ ఆంపియరులు కావలెను.

రెండవ పద్ధతి మన పిల్లలు ఆడుకొను ఆటయే. “0 నుండి 255 లోపల ఒక సంఖ్యను తలచుకొనుము” అని, “128 గాని అంతకెక్కువ గాని యా?” అని అడుగుదుము. జవాబును బట్టి సగము కొట్టివేసి, మిగిలిన సగములో మరల సగమును అడుగుదుము. సరిగా ఎనిమిది ప్రశ్నలలో సంఖ్య దొరకును. ఇందులకు ఒక్క కంపారేటరే చాలును. ఎనిమిది మారులు తీర్పు చెప్పవలెను, అంతే. మెట్లు 1,024 అయినచో మొదటి పద్ధతికి 1,023 కంపారేటరులు, రెండవదానికి పది ప్రశ్నలు. పిల్లలు విరివిగా వాడు ఆర్డ్యునో యూనో పలకలోని చిప్ ఈ రెండవ పద్ధతినే అనుసరించి పది ప్రశ్నలతో అంకెను కనుగొనును. సాయంకాలము ఇంట ఈ ఆట ఆడి చూడుడు. ఎలక్ట్రానికు పాఠము సగము చెప్పినట్లే యగును.

ఇట్లు ఒకదాని తరువాత ఒకటిగా అడుగు వలయములలో ఒక యుక్తి కలదు. కంపారేటరు ఎల్లవేళల మేల్కొని యుండవలసిన పనిలేదు. అడిగినప్పుడే మేల్కొనిన చాలును. చిప్‌ల లోపల నిర్మించు ఇట్టి కంపారేటరులలో రెండు ట్రాన్సిస్టరు జంటలు మోకులాగు పందెములోని రెండు జట్లవలె నుండును. గంట కొట్టగానే లాగుట మొదలగును. ఒక జట్టునకున్న కొద్దిపాటి మొగ్గు అంతకంతకు పెరిగి తీర్పు తేలును. తేలిన పిదప ప్రవాహము దాదాపు ఆగిపోవును. ప్రశ్నకును ప్రశ్నకును నడుమ విశ్రాంతియే. ఇట్లు వేగమును పొదుపును చాలవఱకు కలిసి లభించును. మఱి లోపము లేదా? కలదు. గంట కొట్టని వేళ ఏమి జరిగినను దీనికి తెలియదు. కావున మోటారు కాపలాకు పనికిరాదు. రెండు వైపుల బలము దాదాపు సమమైనచో తీర్పు తేలుటకు సామాన్యము కంటె ఎక్కువ కాలము పట్టును.

పిల్లలను అడుగవలసిన ప్రశ్నలు

పిల్లవాడు కంపారేటరుతో ఏదైనను చేయదలచినప్పుడు, అంగడికి పోవుటకు ముందు తల్లిదండ్రులు ఈ నాలుగు ప్రశ్నలను అడుగవలెనని మా కోరిక.

ఒకటి: నీవు కొలువదలచినది ఎంత త్వరగా మాఱును? నిమిషములలో మాఱుదానికి నెమ్మదియైన భాగము, మైక్రో సెకనులలో మాఱుదానికి వేగమైన భాగము.

రెండు: విద్యుత్తు ఎచటినుండి వచ్చును? గోడ నుండియైనచో ఒక మిల్లీ ఆంపియరు లెక్కకు రాదు. బిళ్ల బ్యాటరీనుండియైనచో రెసిస్టరులను సైతము కలిపి మొత్తము ప్రవాహమును కాగితముపై లెక్కకట్టుము.

మూడు: తీర్పును ఎవరు అందుకొందురు? దీపమా, గంటయా, 5 వోల్టుల చిప్‌యా? అందుకొనువానికి తగిన ఫలిత ద్వారమును చూచుకొనుము.

నాలుగు: ఎంత చిన్న తేడాను గుర్తింపవలెను, ఎంత ఊగులాటను సహింపవలెను? దానినిబట్టి రెండు హద్దుల నడుమ ఎడమును నిర్ణయింపుము.

ఈ నాలుగింటికి సమాధానము చెప్పగల విద్యార్థి ఏ భాగము కొనవలెనో తానే చెప్పగలడు. అంగడివాని మాటపై ఆధారపడనక్కఱలేదు. పరీక్షకులు ప్రదర్శనలో “ఇది పనిచేయునా?” అని మాత్రమే గాక “ఇదియే ఏల?” అనియు అడుగుదురు. మొదటి ప్రశ్నకు యంత్రము జవాబు చెప్పును. రెండవదానికి పిల్లవాడే చెప్పవలెను.

తుదిగా ఒక మాట. తరగతిలో తొలుత చేయెత్తి జవాబు చెప్పు పిల్లలు కొందఱుందురు. ఆలసించినను నిదానముగా ఆలోచించి తడబడక చెప్పువారు కొందఱుందురు. ఏ పని నప్పగించినను దానికి ఒదిగిపోవువారు కొందఱుందురు. మార్కుల పట్టికను చూచునప్పుడు మనము వేగమును మాత్రమే తూచుచుందుము. తొట్టివద్ద నుండవలసినదానిని మోటారువద్దను, మోటారువద్ద నుండవలసినదానిని తొట్టివద్దను నిలిపి, రెండింటిని పనికిరానివని త్రోసివేయుట న్యాయము కాదు. పనికి తగిన సాధనమును, సాధనమునకు తగిన పనిని వెదకుటయే ఇంజినీరు విద్య యొక్క సారము. ఈ లెక్కలను ఒక సాయంకాలము పిల్లలతో కూర్చుండి కాగితముపై వేసి చూడవలసినదిగా తల్లిదండ్రులను కోరుచున్నాము.